కువైట్ దినార్‌కు నేపాలీ రూపాయలెన్ని? పాత మారకం రేటు ఎక్కడి నుంచి తీసుకోవాలి

పదేళ్ల కిందటి ఒక నెలాఖరున కువైట్ దినార్‌కు ఎన్ని నేపాలీ రూపాయలు వచ్చేవో నాలుగు చోట్ల వెతికితే నాలుగు అంకెలు దొరుకుతాయి. నాలుగింట్లో ఏదీ తప్పు కాకపోవచ్చు. ఈ రెండు కరెన్సీలు నేరుగా ఒకదానితో ఒకటి పెద్ద ఎత్తున చేతులు మారే మార్కెట్టు లేదు. అందుకే ఈ జోడీ పాత రేటు ఎక్కడో జరిగిన బేరాన్ని చూసి రాసి పెట్టింది కాదు, డాలరు మీదుగా ఎవరో లెక్కగట్టింది. వాళ్లు తీసుకున్నది ఏ డాలరు రేటు, ఏ పూటది, బ్యాంకు కొనుగోలుదా అమ్మకానిదా, ఎన్ని దశాంశాల దగ్గర ఆపారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఈ అవసరం తరచూ పడేది జీతాల లెక్కలు చూసేవాళ్లకు, బకాయి జీతం లేదా పరిహారం కేసుల్లో కాగితాలు తయారుచేసేవాళ్లకు, వలసల మీద పరిశోధన చేసేవాళ్లకు. కడప, రాయచోటి, కోనసీమ వైపు నుంచి కువైట్ వెళ్లి అక్కడి కంపెనీల్లో లెక్కల పని చేసే తెలుగువాళ్లకు నేపాలీ కార్మికుల ఖాతాలు కొత్త కావు. వాళ్లకూ, ఇలాంటి అరుదైన జోడీ ఏదైనా ఎదురైనవాళ్లకూ పనికొచ్చే పోలిక ఇది.

ముందు ఆ రెండు కరెన్సీలను దేనికి కట్టారో చూడాలి

రేట్ల పట్టిక తెరవకముందే ఈ పని చేస్తే సగం పొరపాట్లు రావు. నేపాలీ రూపాయిని భారత రూపాయికి కట్టారు. 1993 ఫిబ్రవరి నుంచి 100 భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలన్న నిష్పత్తి మారలేదు. అంతకు ముందు పలుమార్లు మారింది కాబట్టి 1993కు వెనక్కి వెళ్లే లెక్కల్లో 1.6ను గుడ్డిగా వాడకూడదు. ఆ దేశపు కేంద్ర బ్యాంకైన నేపాల్ రాష్ట్ర బ్యాంకు రోజువారీ పట్టికలో భారత రూపాయి వరుస 100కు ఇంత అని ఉంటుంది: కొనుగోలు 160.00, అమ్మకం 160.15.

కువైట్ దినార్ కథ వేరు. 2003 జనవరి నుంచి 2007 మే వరకు దాన్ని డాలరుకు కట్టారు. డాలరుకు 0.29963 దినార్ అన్న మూల రేటుకు అటూ ఇటూ 3.5 శాతం హద్దు పెట్టారు. 2007 మే 20న ఆ కట్టు విప్పి కరెన్సీల బుట్టకు, అంటే కొన్ని కరెన్సీలను కలిపి తీసిన విలువకు, ముడిపెట్టారు. 2003కు ముందు కూడా బుట్ట పద్ధతే నడిచింది. బుట్టలో ఏ కరెన్సీకి ఎంత బరువు ఇచ్చారో కువైట్ కేంద్ర బ్యాంకు బయటపెట్టదు. అందుకే దినార్‌కు డాలరు రేటును సూత్రంతో రాబట్టలేం. ఆ రోజు ప్రకటించిన అంకెనే తీసుకోవాలి.

ఈ రెండింటినీ కలిపితే అసలు సంగతి తేలుతుంది. దినార్–నేపాలీ రూపాయి రేటు అంటే డాలరుకు భారత రూపాయి రేటు, దాన్ని 1.6తో గుణించి, డాలరుకు దినార్ రేటుతో భాగించినది. ఊగేది భారత రూపాయి ఎక్కువ, దినార్ కొద్దిగా. నేపాల్ వైపు నుంచి విడిగా వచ్చే ఊపు దాదాపు ఉండదు.

మిగతా గల్ఫ్ కరెన్సీలకు పని ఇంకా తేలిక. ఒమాన్ రియాల్ 1986 నుంచి డాలరుకు 0.3845 దగ్గర, సౌదీ రియాల్ 1986 నుంచి 3.75 దగ్గర, యూఏఈ దిర్హమ్ 1997 నుంచి 3.6725 దగ్గర నిలిచి ఉన్నాయి. బహ్రెయిన్ దినార్‌ది 0.376, ఖతార్ రియాల్‌ది 3.64. కాబట్టి డాలరుకు భారత రూపాయి రేటు ఒక్కటి తెలిస్తే చాలు. దాన్ని 4.161తో గుణిస్తే ఒమాన్ రియాల్‌కు నేపాలీ రూపాయలు, 4.255తో గుణిస్తే బహ్రెయిన్ దినార్‌కు, 0.4267తో సౌదీ రియాల్‌కు, 0.4357తో దిర్హమ్‌కు, 0.4396తో ఖతార్ రియాల్‌కు. ఖతార్‌కు మాత్రం 2017 సంగతి గుర్తుంచుకోవాలి. పొరుగు దేశాల దిగ్బంధం సమయంలో దేశం బయటి మార్కెట్లో రియాల్ 3.64 కంటే బలహీనంగా పలికింది. ఆ నెలలకు బయటి వ్యాపారం నుంచి తీసిన రేటుకూ అధికారిక రేటుకూ తేడా కనిపిస్తే అది పట్టిక తప్పు కాదు.

ఈ ముడులే మంచి తనిఖీ కూడా. మీ చేతికొచ్చిన ఏ పాత పట్టికలోనైనా డాలరుకు నేపాలీ రూపాయి రేటును అదే రోజు భారత రూపాయి రేటుతో భాగించండి. 1.60 దగ్గర రావాలి. రెండు దేశాల బ్యాంకులు రేటు తీసే గంటలు వేరు కాబట్టి 1.59, 1.61 రావడం మామూలే. 1.55 వచ్చిందంటే తేదీ ఒక రోజు జరిగిందో, ఒక వరుసలో కొనుగోలు రేటు ఇంకో వరుసలో అమ్మకం రేటు ఉందో, సెలవు రోజుకు పాత అంకె అతికించారో వెతకాలి.

కేంద్ర బ్యాంకు పట్టికా, సొంత లెక్కా?

ఒక నిర్దిష్ట తేదీకి రేటు కావాలంటే మా మొదటి ఎంపిక నేపాల్ రాష్ట్ర బ్యాంకు రోజువారీ పట్టిక. అందులో కువైట్ దినార్‌కు విడి వరుస ఉంది, కొనుగోలు అమ్మకాలు రెండూ ఉంటాయి, పాత తేదీలు వెతుక్కోవచ్చు. కోర్టుకో, కార్మిక శాఖకో, ఆడిటర్‌కో చూపించినప్పుడు ‘ఈ అంకె ఎక్కడిది’ అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు దొరుకుతుంది. లోపం ఒకటే. పాత సంవత్సరాల్లోకి వెళ్లేకొద్దీ కరెన్సీల వరుసలు తగ్గుతాయి. దినార్ వరుస లేని తేదీకి మీరే డాలరు మీదుగా లెక్క కట్టాలి.

ఈ పట్టికలో కళ్లు మోసపోయేది యూనిట్ల దగ్గర. భారత రూపాయికీ దక్షిణ కొరియా వాన్‌కూ రేటు 100కు, జపాన్ యెన్‌కు 10కి, మిగతావాటికి 1కి. ఎక్సెల్‌లోకి దింపుకుని అన్నిటికీ ఒకే సూత్రం పెడితే పది రెట్లు, వంద రెట్లు తేడా వస్తుంది. పది రెట్ల తప్పును ఎవరైనా పట్టుకుంటారు. మొత్తంలో కలిసిపోయిన తప్పు దొరకదు.

సొంత లెక్క ఇలా కట్టాలి. ఉదాహరణకు ఒక రోజు డాలరుకు నేపాలీ రూపాయి కొనుగోలు 133.00, అమ్మకం 133.60 అనుకుందాం. అదే రోజు డాలరుకు దినార్ కొనుగోలు 0.30700, అమ్మకం 0.30720. దినార్ ఇచ్చి నేపాలీ రూపాయలు పుచ్చుకునే మనిషి ముందు దినార్‌తో డాలరు కొనాలి, కాబట్టి అతనికి పడేది 0.30720. ఆ డాలరును నేపాలీ బ్యాంకుకు అమ్మాలి, కాబట్టి వచ్చేది 133.00. భాగిస్తే 432.94. ఎదురు దిశలో 133.60ని 0.30700తో భాగించాలి, 435.18 వస్తుంది. మధ్య రేట్లు 133.30, 0.30710 వాడితే 434.06. చాలామంది కొనుగోలును కొనుగోలుతో, అమ్మకాన్ని అమ్మకంతో భాగిస్తారు. అప్పుడు 433.22, 434.90 వస్తాయి. చూడ్డానికి సబబుగానే ఉంటాయి గానీ ఆ రేటుకు డబ్బు మార్చుకోగలిగిన మనిషి ఉండడు.

దశాంశాల దగ్గర అసలు నష్టం జరుగుతుంది. దినార్ ఖరీదైన కరెన్సీ, డాలరుకు మూడో వంతు కూడా రాదు. 0.30745 అని ఉండాల్సిన రేటును 0.307కు కుదిస్తే, పై డాలరు మధ్య రేటుతో 433.57 బదులు 434.20 వస్తుంది. 5,000 దినార్ల లెక్కలో అది సుమారు 3,180 నేపాలీ రూపాయల తేడా. తిరగేసిన పట్టికలు ఇంకా ప్రమాదం. ఒక నేపాలీ రూపాయికి 0.0023 దినార్ అని చూపించే పట్టిక నుంచి వెనక్కి లెక్క కడితే 434.78 వస్తుంది. మూడు దశాంశాలతో 0.002 అని ఉంటే 500! కాబట్టి ఈ జోడీకి ఎప్పుడూ ఒక దినార్‌కు ఇన్ని రూపాయలు అన్న దిశలోనే రేటు తీసుకోండి. డాలరు–దినార్ రేటుకు కనీసం ఐదు దశాంశాలు ఉంచండి.

సెలవు రోజులూ చూసుకోవాలి. కువైట్‌లో వారాంతం శుక్రవారం, శనివారం. నేపాల్‌లో చాలా కాలం శనివారం ఒక్కటే సెలవు. డాలరు మార్కెట్టుకు శని, ఆదివారాలు. మూడూ తెరిచి ఉండేది సోమవారం నుంచి గురువారం వరకే. శుక్రవారానికి దినార్ రేటు అడిగితే చాలా పట్టికలు గురువారం అంకెనే చూపిస్తాయి. ముందు రోజు రేటు వాడాలా, తర్వాతి పని దినానిదా అన్నది ఒప్పందంలో రాసి ఉంటే అదే పాటించాలి. రాసి లేకపోతే అంతకు ముందు చివరిగా ప్రకటించిన రేటు వాడి, ఆ సంగతి కాగితం మీద చెప్పండి.

సుదీర్ఘ కాలానికి ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు

ఇరవై ముప్ఫై ఏళ్ల ధోరణి చూడాలంటే రోజువారీ పట్టికలతో కుస్తీ పట్టక్కర్లేదు. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) నెలవారీ గణాంకాల్లో రెండు కరెన్సీలకూ డాలరు రేట్లు ఉన్నాయి, నెల సగటు ఒకటి, నెలాఖరుది ఒకటి. ప్రవాహంలా సాగే జీతాలు, పంపిన డబ్బు లాంటివాటికి సగటు. ఒక రోజున నిలబడి చూసే అప్పు, బ్యాంకు నిల్వ లాంటివాటికి నెలాఖరు రేటు. ఖాతాల ప్రమాణాలు కూడా ఇదే చెబుతాయి. ఆస్తి అప్పుల పట్టీకి ముగింపు రోజు రేటు, ఆదాయ వ్యయాలకు లావాదేవీ రోజు రేటు లేదా సహేతుకమైన సగటు. ఈ రెండింటినీ కలిపేస్తే రూపాయి వేగంగా పడిన సంవత్సరాల్లో, 2013లో లాగా, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఐఎంఎఫ్ రోజువారీ ‘ప్రతినిధి రేట్లు’ కూడా ఇస్తుంది. అవి సభ్య దేశాల కేంద్ర బ్యాంకులే పంపేవి. చాలావాటికి డాలరుకు ఇన్ని యూనిట్లు అన్న దిశ. యూరో, పౌండు, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ డాలర్లు, బోట్స్‌వానా పులా మాత్రం ఎదురు దిశలో ఉంటాయి. మన జోడీకి ఇబ్బంది లేదు గానీ, అదే ఫైలులో పులా లెక్క కూడా కడుతుంటే అక్కడ గుణకారం, భాగహారం తారుమారవుతాయి.

ప్రపంచ బ్యాంకు వార్షిక సగటు రేట్లు 1960 నుంచి ఉన్నాయి. సంవత్సరానికి ఒకే అంకె కాబట్టి పరిశోధన పత్రంలో గ్రాఫు గీయడానికి బాగుంటుంది, ఒక మనిషి జీతం తేల్చడానికి పనికిరాదు. ఆ అంకెలు అధికారిక రేటువన్న సంగతి మరవకండి. మియన్మార్ క్యాట్ అందుకు కళ్లు తెరిపించే ఉదాహరణ. 2012 ఏప్రిల్ 1 వరకు అధికారిక రేటు డాలరుకు సుమారు 6 క్యాట్లు. ఆ రోజు మార్కెట్టును బట్టి తేలే రేటుకు మారగానే కేంద్ర బ్యాంకు ప్రకటించింది 818. మధ్యలో దేశం కుప్పకూలింది ఏమీ లేదు. వీధి రేటు ముందునుంచీ వందల్లోనే ఉంది. ఇలాంటి దేశాల కోసమే ప్రపంచ బ్యాంకు ప్రత్యామ్నాయ మార్పిడి గుణకం అని ఇంకో వరుస పెట్టింది. నేపాల్, కువైట్ రెండింటికీ అంత అగాధం లేదు, కానీ జోడీలో రెండో కరెన్సీ ఇథియోపియా బిర్‌లాంటిదైతే అధికారిక రేటును ఒక్కదాన్నే నమ్మడం ప్రమాదం. 2024 జూలై 29న బిర్ రేటును మార్కెట్టుకు వదిలేసిన రోజే డాలరుకు 57 దగ్గర నుంచి 74 దాటింది.

నెలవారీ లెక్కల్లో నేపాల్‌కే చెందిన చిక్కు ఒకటుంది. అక్కడి ఆర్థిక సంవత్సరం సాధారణంగా జూలై మధ్యలో, శ్రావణ మాసంతో మొదలవుతుంది. నెలలు అక్కడి పంచాంగం బిక్రమ్ సంవత్ ప్రకారం నడుస్తాయి. కాబట్టి నేపాల్ రాష్ట్ర బ్యాంకు నెలవారీ నివేదికల్లో ‘నెల’ అంటే ఇంగ్లీషు నెల మధ్య నుంచి తర్వాతి నెల మధ్య వరకు. ఐఎంఎఫ్ సగటు మాత్రం ఒకటో తారీఖు నుంచి నెలాఖరు వరకు. కువైట్ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది, మన దేశంలో లాగే. రెండు చోట్ల నుంచి నెలవారీ సగటులు తెచ్చి పక్కపక్కన పెడితే పదిహేను రోజుల జారుడు వస్తుంది. రోజువారీ రేట్లు తీసుకుని సగటు మీరే కట్టుకుంటే ఈ గొడవ పోతుంది.

సగటు కట్టేటప్పుడు కూడా రెండు దారులున్నాయి, అవి ఒకే చోటికి చేరవు. ఒక నెల దినార్‌కు 400, తర్వాతి నెల 450 అయితే సగటు 425. ఆ రేట్లనే తిరగేసి, ఒక రూపాయికి ఇంత దినార్ అన్న లెక్కలో సగటు తీసి మళ్లీ తిరగేస్తే 423.53. నెలకు ఇన్ని దినార్లు జీతమని పంపిన మనిషికి మొదటిది సరైనది. నెలకు ఇన్ని నేపాలీ రూపాయలు ఇంటికి చేరేలా పంపినవాడికి రెండోది. ఎవరు ఏది స్థిరంగా ఉంచారో అడిగి తెలుసుకోవాలి.

ఇంకా వెనక్కి వెళ్లేవాళ్లకు రెండు ఆనవాళ్లు. కువైట్‌లో 1961 ఏప్రిల్ 1న దినార్ వచ్చేవరకు నడిచింది భారత రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం 1959లో విడిగా ముద్రించిన రూపాయి. మార్పిడి దినార్‌కు 13 రూపాయల 33 పైసలు. 1966 జూన్ 6న డాలరుకు 4.76గా ఉన్న భారత రూపాయిని 7.50కి తగ్గించగానే దినార్ 21 రూపాయలైంది. మీ దినార్–భారత రూపాయి పట్టికలో ఆ ఎగుడు 1966లో కాక ఇంకెక్కడైనా ఉంటే పట్టిక చెడింది. రెండోది 1990 ఆగస్టు 2న ఇరాక్ దాడి. కువైట్ దినార్‌ను ఇరాకీ దినార్‌తో సమం చేసి, తర్వాత ఎత్తేశారు. విముక్తి తర్వాత 1991 మార్చి 24న కొత్త నోట్లు వచ్చాయి. ఈ మధ్య నెలలకు నిజమైన మార్కెట్ రేటు ఉండే వీలు లేదు. పట్టికలో అక్కడ గీత నున్నగా సాగిపోతుంటే పాత అంకెను పొడిగించారని అర్థం. ఆ నెలలను ఖాళీగా వదిలేయడమే నిజాయితీ.

దాతల నివేదికలకు, పన్నుకు, ఉత్తినే చూడ్డానికి

ఇక్కడ ఎంపిక మీ చేతిలో ఉండదు. ఐక్యరాజ్యసమితి నిధులతో నడిచే పనికి ఆ సంస్థ నెలనెలా ప్రకటించే నిర్వహణ రేటు వాడాలి. ఐరోపా సమాఖ్య నిధులకు ఇన్ఫర్‌యూరో నెలవారీ రేటు. అది ముందు నెలలో చివరి నుంచి రెండో పని దినానిది. అమెరికా ప్రభుత్వ లెక్కలకు ట్రెజరీ మూడు నెలలకోసారి ఇచ్చే రేట్లున్నాయి. నెలలో రూపాయి ఊగినా ఇవి సాధారణంగా కదలవు కాబట్టి, ఒక కార్మికుడికి రావాల్సిన డబ్బు తేల్చడానికి వీటిని అరువు తెచ్చుకోకండి. ఐరోపా కేంద్ర బ్యాంకు రోజువారీ జాబితా చక్కటిదే గానీ అందులో దినారూ లేదు, నేపాలీ రూపాయీ లేదు.

భారత్‌లో పన్ను కట్టాల్సిన మనిషికి దినార్లలో జీతం వచ్చి ఉంటే అది దినార్–భారత రూపాయి లెక్క. 1962 ఆదాయపు పన్ను నిబంధనల్లో 115వ దాని ప్రకారం, జీతం రావాల్సిన లేదా చెల్లించిన నెలకు ముందు నెల చివరి రోజున స్టేట్ బ్యాంకు టీటీ (టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్) కొనుగోలు రేటు వాడాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ తర్వాతి సంవత్సరాలకు కొత్త నిబంధన చూసుకోండి. మార్కెట్ మధ్య రేటు ఇంకాస్త న్యాయంగా అనిపించినా అది ఇక్కడ చెల్లదు.

కరెన్సీ మార్పిడి వెబ్‌సైట్లు తొందరగా అంచనా వేయడానికి బాగుంటాయి. జోడీ ఎంచుకోగానే గ్రాఫు వచ్చేస్తుంది. కానీ కొన్ని రోజు సగటు ఇస్తాయి, కొన్ని ఒక గంటలో కనిపించిన రేటు ఇస్తాయి. శని, ఆదివారాలకు శుక్రవారం అంకెనే చూపించేవి ఉన్నాయి. అన్నిటికీ మించి అది మధ్య రేటు. ఎక్స్‌ఛేంజ్ కౌంటర్‌లో ఏ కార్మికుడికీ ఆ రేటు రాదు. ‘నా డబ్బు తక్కువ పంపారు’ అన్న తగాదాలో దాన్ని ఆధారంగా పెడితే ఎదుటివాళ్లు మొదటి నిమిషంలోనే కొట్టిపారేస్తారు. అలాంటి తగాదాలో అసలు రసీదును మించింది లేదు. రసీదు మీద దినార్లు మూడు దశాంశాలతో ఉంటాయి, 1,000 ఫిల్సులు ఒక దినార్ కాబట్టి. రుసుము విడిగా రాసి ఉంటుంది. రుసుము తీసేశాక మిగిలిన దినార్లతో చేరిన రూపాయలను భాగిస్తే వాళ్లు ఇచ్చిన రేటు తేలుతుంది. ఆ రేటును అదే తేదీ నేపాల్ రాష్ట్ర బ్యాంకు కొనుగోలు రేటుతో పోల్చాలి. అమ్మకం రేటుతో పోల్చడం తప్పు.

ఇదే పద్ధతిని వేరే జోడీకి వాడేవాళ్లు సున్నాలు తీసేసిన కరెన్సీల దగ్గర ఆగాలి. ఘనా 2007 జూలైలో 10,000 పాత సెడీలకు ఒక కొత్తది ఇచ్చింది. జాంబియా 2013 జనవరి 1న 1,000 క్వాచాలకు ఒకటి, బెలారూస్ 2016 జూలైలో 10,000 రూబుళ్లకు ఒకటి. కరెన్సీ సంకేతం కూడా మారుతుంది. కొన్ని పట్టికలు పాత అంకెలను వెనక్కి సరిచేసి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. మారిన నెలకు ముందూ వెనకా రెండు అంకెలు చూస్తే అదేంటో తెలిసిపోతుంది.

లెక్క ముగించాక కాగితం మీద రాయాల్సినవి: తేదీ, డాలరుకు నేపాలీ రూపాయి రేటు ఎవరిది, కొనుగోలుదా అమ్మకానిదా మధ్యదా, డాలరుకు దినార్ రేటు ఎవరిది, సెలవు రోజైతే ఏ రోజు అంకె వాడారు, ఎన్ని దశాంశాలు. ఆ పేజీని ఆ రోజే ముద్రించి జతచేయండి, వెబ్‌సైట్లు చిరునామాలు మార్చేస్తాయి. దశాంశాల కుదింపు చివరి మొత్తం మీద ఒక్కసారే చేయండి, మధ్యలో వచ్చిన రేటు మీద వద్దు.